పెరుగు గిన్నెలో పుట్టిన అనుమానం

హఫీజ్‌పేట్, కొండాపూర్ సూపర్ మార్కెట్లలో పెరుగు ప్యాకెట్ల పక్కనే ఇప్పుడు ప్రోబయోటిక్ డ్రింకులూ ఉంటున్నాయి. పొట్టలో మంచి బ్యాక్టీరియా ఉంటే ముసలితనం ఆలస్యంగా వస్తుందన్న మాట మాత్రం కొత్తది కాదు. దాని వయసు నూరేళ్లు దాటింది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు కథా ఆ కాలంలోనే మొదలైంది.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో 51 ఏళ్ల అగస్టె డీటర్‌ను చేర్చారు. పేరు రాయమంటే మధ్యలోనే మరిచిపోయేది. 1906లో ఆమె పోయాక డాక్టర్ అలాయిస్ అల్జీమర్ ఆ మెదడును మైక్రోస్కోపు కింద పెట్టి, పేరుకున్న మచ్చలూ చిక్కుపడ్డ పోగులూ చూశాడు. ఆ రోజుల్లోనే పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ముసలితనానికి మూలం పెద్దపేగే అంటున్నాడు. అక్కడి సూక్ష్మజీవులు తిండిని కుళ్లబెట్టి పుట్టించే విషం ఒళ్లంతా పాకుతుందని, పుల్ల పెరుగు దానికి విరుగుడని ఆయన వాదన. బల్గేరియా పల్లెల్లో పెరుగు తినేవాళ్లు నిండు నూరేళ్లు బతుకుతున్నారట! ఆఖరి ముద్ద పెరుగన్నం లేనిదే విస్తరి ముందు నుంచి లేవని మనకు ఆ మాట తీయగానే ఉంటుంది. రోజూ పుల్ల పెరుగు తీసుకున్న మెచ్నికోవ్ మాత్రం 71వ ఏట, 1916లో పోయాడు.

తర్వాత జరిగింది ప్రకటనల్లో కనిపించదు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ మలబద్ధకానికి పెద్దపేగునే కోసేశాడు. అమెరికాలో ట్రెంటన్ వైద్యశాలలో హెన్రీ కాటన్ పిచ్చి కుదర్చడానికి రోగుల పళ్లు పీకించాడు, పేగులు కోయించాడు. ఎందరో చనిపోయారు. పేగుకూ మనసుకూ ముడిపెట్టే మాటకు చాలాకాలం పరువు లేకుండా పోయింది.

ఆ పరువు ఎలుకల వల్ల తిరిగొచ్చింది. 2004లో జపాన్‌లోని క్యుషు యూనివర్సిటీలో ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి మామూలు వాటికన్నా ఎక్కువగా బెదిరాయి. ఒక రకం బిఫిడోబ్యాక్టీరియా పేగుల్లో చేరిన వాటిలో ఆ అతి కనిపించలేదు. 2016లో షికాగోలో సంగ్రామ్ సిసోడియా బృందం అల్జీమర్స్ ఎలుకలకు యాంటీబయాటిక్స్ ఇస్తే మెదడులో మచ్చలు తగ్గాయి. 2023లో సెయింట్ లూయిస్‌లో ఎలుకలపై జరిగిన ప్రయోగం అసలు చిక్కు తెచ్చిపెట్టింది. పీచు పదార్థం నుంచి బ్యాక్టీరియా తయారుచేసే కొవ్వు ఆమ్లాలు మేలే చేస్తాయని అందరి నమ్మకం. ఆ ఎలుకల్లో మాత్రం అవే మెదడు కావలి కణాలను రెచ్చగొట్టి నష్టం పెంచాయి. కాబట్టి ‘మంచి’ బ్యాక్టీరియా అన్న ముద్ర అంత తేలిగ్గా వేయలేం.

మనుషుల దగ్గరికొస్తే, 2017లో విస్కాన్సిన్‌లో 25 మంది అల్జీమర్స్ రోగులను పరీక్షిస్తే పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తక్కువగా ఉన్నాయి. మతి తప్పినవాళ్ల తిండీ మారుతుంది, మందులూ మారతాయి. మరి పేగు ముందా, మెదడు ముందా? ఇలాంటి తేడాకు కారణం విడదీయడం ఎంత కష్టమో హైదరాబాద్‌కు తెలుసు. పంజాగుట్ట నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో చెప్పింది. చదువు వల్లేమోనన్న అనుమానం తీరడానికి బడి ముఖం చూడనివాళ్లను విడిగా లెక్కగట్టాల్సి వచ్చింది. ఈ రంగంలో మన ఊరికి పేరు తెచ్చింది పొట్ట కాదు, నోరు!

పేగు దారిన మెదడును బాగుచేస్తుందంటూ సముద్రపు నాచుతో చేసిన ఒక మందుకు 2019లో చైనా షరతులతో అనుమతి ఇచ్చింది. ఇతర దేశాల్లోనూ దాన్ని నిరూపించడానికి మొదలైన ట్రయల్‌ను 2022లో మధ్యలోనే ఆపేశారు.