నడుము నొప్పి, కూలి లెక్క

ఉత్తర తెలంగాణలో పత్తిని నమ్ముకుని పెరిగిన ఊళ్లలో జమ్మికుంట ఒకటి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929 నాటికి పూర్తయింది. ఆ దారి మీది స్టేషన్ కావడం పత్తి బేరానికి కలిసొచ్చింది. చేనులో పత్తి ఏరడం మొదలు బట్ట నేసే దాకా మనిషి ఒళ్లు ఎన్ని రకాలుగా వంగాలో అవన్నీ ఈ చుట్టుపక్కల కనిపిస్తాయి. వంగి వంగి పత్తి ఏరి ఒడిలో నింపుకునే ఆడవాళ్లు, మార్కెట్ యార్డులో వీపున బస్తా మోసే హమాలీలు, కింద రాలినదాన్ని ఊడ్చి ఎత్తే చాట కూలీలు, గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూచునే నేతగాళ్లు. కూచునే తీరు సరిగా లేకపోవడం వల్లే నడుము, మెడ నొప్పులు వస్తాయని ఇప్పుడు అందరూ చెప్పే మాట. ఈ పనుల చరిత్ర తిరగేస్తే అందులో సగమే నిజమని తేలుతుంది. కూచున్న తీరు కన్నా, అందులోంచి లేవనివ్వని కూలి లెక్కే నడుమును ఎక్కువ దెబ్బతీసింది.

గుంట మగ్గాన్నే తీసుకుందాం. జమ్మికుంట పక్కనున్న వావిలాల ఖాదీకి పేరుపడ్డ ఊరు. ఈ ప్రాంతంలో పద్మశాలి ఇళ్లలో మగ్గం గుంట ఇంట్లో ఒక భాగమే. దాన్ని తవ్వినవాళ్లకు ఒంటి తీరు తెలియదనడం తప్పు. గుంటలో కాళ్లు వేలాడతాయి కాబట్టి మోకాళ్లు మడిచి కూచునే బాధ ఉండదు. నేల తేమకు పడుగు పోగులు తొందరగా తెగవు. అయితే నేతగాడు బట్ట మీదికి మెడ వంచి పోగు చూసుకోవాలి, కాళ్లతో తొక్కుడు కట్టెలు మార్చి మార్చి తొక్కాలి, పేకను దగ్గరికి కొట్టాలి. చేత్తో నాడె విసిరే రోజుల్లో అది ఈ చేతి నుంచి ఆ చేతికి మారేది, దానితోపాటు ఒళ్లూ అటూ ఇటూ ఊగేది. 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టిన ఎగిరే నాడె మన మగ్గాలకు చాలా ఆలస్యంగా, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో విరివిగా చేరింది. తాడు ఒక్కసారి లాగితే నాడె తనే పరుగెత్తింది. బట్ట వేగం పెరిగింది, ఒంటి కదలిక తగ్గింది. గుంట అదే, కూచునే తీరూ దాదాపు అదే. మారింది పని. గజాల లెక్కన, చీరల లెక్కన కూలి కట్టే సావుకారు కింద నేసేవాడికి పోగు తెగినప్పుడో కండె మార్చినప్పుడో తప్ప వెన్ను ఆనించే తీరిక లేదు. లేచి నిలబడితే ఆ రోజు కూలి కోసుకుపోతుంది.

మన పెద్దలు నేల మీద కూచున్నారు, గొంతుక్కూచున్నారు, వాళ్లకు నొప్పులు లేవు, కుర్చీలే తెచ్చిపెట్టాయి అనే వాదన గట్టిగానే వినిపిస్తుంది. దానికి ఆధారం లేకపోలేదు. 1965లో ఫార్నీ, ట్రూమన్ అనే వైద్యులు భారతదేశంలోని ఒక అటవీ సమూహం వెన్నుల ఎక్స్‌రేలను ఉత్తర అమెరికా, ఉత్తర యూరప్ వాళ్లవాటితో పోల్చి, వయసు పైబడినా ఇక్కడివాళ్ల వెన్నుపూసల మధ్య సందులు అంతగా తగ్గలేదని చూపారు. కానీ ఎక్స్‌రేలో కనబడే అరుగుదల వేరు, మనిషి పడే నొప్పి వేరు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తొక్కితే నడుము పట్టు వదులుతుందని మన పల్లెల్లో ఎంతోకాలంగా నమ్మకం. ఇసుక మూట కాచి కాపడం పెట్టని ఇల్లు లేదు. నొప్పే లేని చోట ఇన్ని వైద్యాలు పుట్టవు. పాతకాలపు ఒళ్లు హాయిగా ఉండేదని చెప్పడం ఆ ఒళ్లు చేసిన చాకిరిని చూడకపోవడమే.

వైద్యుల కొలతలు కూడా ఒకే మాట చెప్పలేదు. 1960ల్లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ వెన్నుపూసల మధ్య డిస్కులో ఒత్తిడి కొలిచి, నిలబడినప్పటికన్నా కూచున్నప్పుడు అది ఎక్కువని చెప్పాడు. నిటారుగా కూచోండన్న సలహాకు అప్పట్నుంచీ బలం దొరికింది. 1999లో జర్మనీలో విల్కే బృందం మళ్లీ కొలిస్తే, ఒళ్లు వదులుచేసి కూచున్నప్పుడు ఒత్తిడి నిలబడినప్పటికన్నా తక్కువే వచ్చింది. కొలిచింది ఒక్క మనిషిలోనే, అయినా నిటారు సూత్రాన్ని కదిలించడానికి చాలు. కూచోవడమే దోషమైతే సిరిసిల్లలో మరమగ్గాలు వచ్చి, నేతగాడు గుంటలోంచి లేచి నిలబడ్డ రోజే బాధ తీరాలి. పన్నెండు గంటల షిఫ్టులో మగ్గం నుంచి మగ్గానికి తిరుగుతూ నిలబడ్డవాడికి నొప్పి పోలేదు, కాళ్లకూ పాకింది.

అలాగైతే ఒళ్లు ఎలా పెట్టుకున్నా ఒకటేనా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. బరువుతో వంగడం, అదే కదలికను వేలసార్లు చేయడం కచ్చితంగా హాని. వృత్తుల జబ్బుల మీద 1700లో ఇటలీలో పుస్తకం రాసిన రామజ్జినీ వికారమైన భంగిమల్నీ, తీవ్రమైన, క్రమం లేని కదలికల్నీ జంటగానే పట్టుకున్నాడు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే ఆడవాళ్ల సంగతి ఒకే కదలిక చేసే హానికి సరైన సాక్ష్యం. ఒక్క చీర నూలుకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసి ఆమె పేరే పెట్టాడు. 2017లో అతనికి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఎవరికీ నిటారుగా కూచోవడం నేర్పలేదు, తిరగాల్సిన చేతిని ఆపింది.

హమాలీకి అలాంటి యంత్రం అందలేదు. మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన మార్కెట్లలో క్వింటాలు బస్తా వీపున మోయడం ఆ తర్వాత కూడా చాలాకాలం మామూలే. బస్తా బరువు తగ్గించాలని పోరాడటం న్యాయం. దానితోపాటే లారీకీ లారీకీ మధ్య కూచునే అరగంటను కూడా కూలిలో కలపాలని అడగాలి, ఎందుకంటే ఇప్పటికీ హమాలీకి డబ్బు వచ్చేది వీపు మీద బరువు ఉన్నంతసేపే.