పది సెకన్లకి ఎన్ని చినుకులు?

ఇటు జరగండి, ఆ మూల కారుతోంది. తుని నుంచి తాండవ వంతెన దాటి పాయకరావుపేటలో అడుగుపెట్టామో లేదో వాన అందుకుంది. రోడ్డు పక్క టిఫిన్ బడ్డీ, నెత్తిన రేకులు. ఇంకా పెద్ద చినుకులే, విడివిడిగా: టప్, టపటప్, టప్.

వాచీ చూస్తూ లెక్కపెట్టండి. పది సెకన్లలో తొమ్మిది. మళ్లీ పది సెకన్లు: పద్నాలుగు. ఆ తర్వాత ఎనిమిది. వాన హెచ్చలేదు, తగ్గలేదు. మీ చెవీ బాగానే ఉంది. ఏ చినుకూ పక్క చినుకుని అడిగి రాలదు, అంతే. సగటున 100 రాలేచోట పదేసి అటూ ఇటూ అవుతాయి. 10,000 అయితే వందేసి. కచ్చితత్వం పదింతలు కావాలంటే చినుకులు వందింతలు కావాలి. ఖరీదైన బేరమే.

"ఏటి బాబూ, సినుకులు లెక్కెడతన్నారా?" నవ్వుతూ టీ అందిస్తున్నాడు బడ్డీ ఆయన.

ఆయన నెత్తి మీది బల్బు వెలుగూ వానే, ఫోటాన్లనే కాంతి రేణువుల వాన. లేజరైనా అంతే.

ఈ గొడవకి హద్దు గీసింది మనవాడే. ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు. 1944లో కలకత్తాలో ఆయన పాఠం చెబుతుంటే దాండేకర్ అనే విద్యార్థి అడిగాడు: అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫిషర్ సూత్రం బోలెడన్ని కొలతలున్నప్పుడు సరే, కొన్నే ఉంటే? ఆ రాత్రే కూర్చుని జవాబు తేల్చారు రావు. 1945లో అచ్చయింది. చేతిలోని కొలతల్ని ఎంత తెలివిగా పిండినా, ఒక పక్కకి మొగ్గని ఏ అంచనా అయినా ఆ గీత దాటదు. స్వీడన్‌లో క్రామర్ కూడా విడిగా అదే తేల్చాడు కాబట్టి అది క్రామర్–రావు హద్దు. 1967లో హెల్‌స్ట్రామ్ దాన్ని క్వాంటంలోకి తెచ్చాడు. అక్కడ లెక్కే కాదు, ఎంత గొప్ప పరికరం తెచ్చినా ఆ గట్టు దాటదు.

పోనీ, చినుకులే కూడబలుక్కుని రాలితే? 10,000 ఫోటాన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తే తప్పు వందో వంతు దగ్గర ఆగక పదివేలో వంతు దాకా దిగుతుంది. కాగితం మీద. ఒక్క ఫోటాన్ దారి తప్పినా ఆ ముడి ఊడిపోవచ్చు.

మూకుట్లో చూడండి. పూరీని గరిటెతో ఓ పక్క నొక్కుతుంటే రెండో పక్క ఉబ్బుతోంది. గురుత్వ తరంగాల కోసం అమెరికాలో లైగో వాళ్లు 2019 నుంచి కాంతితో చేస్తున్నది దాదాపు ఇదే: కొలిచేవైపు అలజడిని అణిచి, అక్కర్లేని వైపుకి నెట్టడం. మొత్తంగా పోగొట్టే దారిని 1927లోనే హైజెన్‌బర్గ్ మూసేశాడు.

వాన సన్నబడినట్టుంది. వాచీ చూడండి. పది సెకన్లు: మూడు. తగ్గినట్టేనా? మళ్లీ పది: ఏడు.

ఇంకో టీ చెప్పండి.