ఇంటి ఫైర్‌వాల్‌లో మల్టీకాస్టు వడపోత: దాని పూర్వచరిత్ర

2002వ సంవత్సరాంతమున లింక్సిస్ సంస్థ విక్రయమునకు తెచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ అను రౌటరు గృహజాలముల చరిత్రలో ప్రత్యేకస్థానము వహించినది. దాని నిర్వాహకపుటలో సెక్యూరిటీ విభాగమును తెరచి చూచినచో, ఫైర్‌వాల్ శీర్షిక క్రింద చిన్నచిన్న గడులతో కొన్ని వరుసలు కానవచ్చును: బయటి అపరిచితుల పలకరింపులకు బదులీయకుండ చేయునది ఒకటి, ఇంటిలోని యంత్రము బయటి చిరునామాద్వారా మరల ఇంటిలోనికే వచ్చు దారిని మూయునది ఒకటి, 113వ పోర్టును కట్టివేయునది ఇంకొకటి, వీని నడుమ ‘ఫిల్టర్ మల్టీకాస్ట్’ అను గడి. 2003లో ఆ రౌటరు మూలప్రోగ్రాము బహిర్గతమైన పిమ్మట దానినుండి పుట్టిన డీడీ-డబ్ల్యూఆర్‌టీ మొదలైనవి ఈ గడులను వారసత్వముగా పొందినవి. లక్షలకొలది గృహస్థులు ఈ గడిని చూచియుందురు. అది ఏ భయమునకు, ఏ ఆశకు గుర్తుగా అచ్చట నిలిచినదో తెలియవలెనన్న పదునేడేండ్లు వెనుకకు పోవలసియుండును.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డేవిడ్ చెరిటన్ అను ఆచార్యుని పర్యవేక్షణలో, అనేక కంప్యూటర్లు కలసి ఒక్క యంత్రమువలె పనిచేయు వీ-సిస్టమ్ అను వ్యవస్థ రూపొందుచుండెను. ఒకే ఈథర్‌నెట్ తీగపై నున్నంతవరకు, ఒక్క సందేశమును ఒక్కమారు పంపి ఒక కూటమిలోని యంత్రములన్నిటికి వినిపించుట సులభముగనే సాగెను గాని, ఆవరణలో రౌటర్లకు ఆవలితట్టున కొన్ని యంత్రములు చేరిన దినమున ఆ సౌలభ్యము తెగిపోయెను. ఈ చిక్కును విప్పుటకు పూనుకొనినవాడు చెరిటన్ శిష్యుడైన స్టీవ్ డీరింగ్. గురుశిష్యులిరువురు 1985 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 966 అను పత్రమున మల్టీకాస్టు అను ఉపాయమును ప్రకటించిరి. 1989 ఆగస్టునాటి ఆర్‌ఎఫ్‌సీ 1112లో డీరింగ్ దానికి స్థిరరూపము నొసగెను.

మద్రాసు పత్రికాకార్యాలయమునుండి బయలుదేరిన కట్ట ఒక్కటియే రైలెక్కి, బెజవాడ జంక్షనులో విప్పబడి, గుడివాడవైపు కొంత, ఖాజీపేటవైపు కొంత చీలి, చందాదారులు లేని స్టేషనులో దిగకయే సాగిపోవునట్లు, మల్టీకాస్టు ప్యాకెట్టు మార్గము చీలినచోటనే ప్రతిగా మారుచు, కోరినవారున్న దిక్కునకే పోవును. ఇందుకై 224 మొదలు 239 వరకు గల అంకెలతో ఆరంభమగు చిరునామాలు కేటాయింపబడినవి; ఏ యంత్రమును ఆ చిరునామాలో నివసింపదు, వినగోరినది మాత్రము ఐజీఎంపీ అను నియమావళిద్వారా తన సమీపరౌటరునకు ఆ కోరిక తెలుపుకొనును. పంపువాడు వినువారి నెఱుగడు, ఎఱుగవలసిన పనియు లేదు. ఈ ఔదార్యమే ఆ పద్ధతికి సౌందర్యము. ఎవరైనను ఏ కూటమికైనను పంపవచ్చుననుటచే దానికి పొంచియున్న ప్రమాదము కూడ ఇదియే.

1992 మార్చిలో శాన్ డియేగోలో సమావేశమైన ఇంటర్నెట్ ఇంజనీర్ల ప్రసంగములు ఈ విధముననే మూడు ఖండములలోని 20 స్థలములలో వినబడెను. అప్పటి రౌటర్లకు మల్టీకాస్టు తెలియదు. కావున అక్కడక్కడ మామూలు వర్క్‌స్టేషనులపై ‘ఎమ్‌రౌటెడ్’ అను ప్రోగ్రామును నడిపి, మల్టీకాస్టు ప్యాకెట్టును సాధారణప్యాకెట్టు పొట్టలో దాచి, సొరంగములవంటి మార్గములలో పంపుచుండిరి. ఎమ్‌బోన్ అని పేరొందిన ఈ సొరంగసముదాయముననే మల్టీకాస్టు వడపోత జన్మించినదని నా అభిప్రాయము. ప్రతి ప్యాకెట్టునకు టీటీఎల్ అను ఆయుఃపరిమాణము కలదు. అది రౌటరు దాటినపుడెల్ల ఒక్కొక్కటి తరుగును. ఎమ్‌బోన్ నిర్వాహకులు ప్రతి సొరంగద్వారమునకు ఒక కనిష్ఠసంఖ్యను నిర్ణయించి, అంతకు మించిన ఆయువు లేనిదానిని ఆవలికి పోనీయక ఆపిరి. 32తో బయలుదేరినది సంస్థ ప్రాంగణమును, 64తో బయలుదేరినది ప్రాంతమును, 128తో బయలుదేరినది ఖండమును దాటదు. 255కు ఎల్లలు లేవు. ఒక కళాశాలలోని పాఠము సముద్రములు దాటి పరుల తీగలను నింపకుండుటకై చేసిన మర్యాదాపూర్వకమైన కట్టుబాటిది. శత్రుభయముతో కట్టిన కోటగోడ కాదు. 1994 నవంబరు 18న డల్లాస్ నగరమున రోలింగ్ స్టోన్స్ వారి కచేరీలో కొంతభాగము ఎమ్‌బోన్‌పై ప్రసారమైనపుడు, రేడియో వలె లోకమంతటికి వినిపించు సాధనము లభించినదని పలువురు సంబరపడిరి. 1998లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2365, 239తో మొదలగు చిరునామాలను ఆయా సంస్థల సరిహద్దులకే పరిమితము చేసి, సరిహద్దురౌటరు వానిని నిలిపివేయవలెనని విధించెను.

భయము 2001 జనవరిలో వచ్చెను. లినక్స్ యంత్రములకు సోకిన రామెన్ అను పురుగు ప్రోగ్రాము, తోచిన చిరునామాలను వెదకుచు, మల్టీకాస్టు చిరునామాలను సైతము తట్టెను. తట్టిన ప్రతి చిరునామా ఒక నూతనప్రసారమని భ్రమించిన రౌటర్లు ఆ వార్తను ఒండొంటికి చాటుచు తామే ఉక్కిరిబిక్కిరి యయ్యెను. లోకవ్యాప్తమైన మల్టీకాస్టు ఆ తరువాతను గృహస్థుల గడప చేరనేలేదు. ఎవరైనను పంపగల పద్ధతిని భిన్నసంస్థల నడుమ విడనాడవలసినదిగా 2020 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 8815 చెప్పెను. రాని అతిథికై మూసిన తలుపు ఇంటింట నిలిచిపోయినది.

ఇక రౌటరులోని ఆ ‘ఫిల్టర్ మల్టీకాస్ట్’ గడిలో గుర్తు పెట్టినచో నిరోధము, తీసివేసినచో అనుమతి. ఈ తలక్రిందుల వ్యవహారమున పొరబడువారు అనేకులు. సేవాసంస్థ తానే మల్టీకాస్టుగా టెలివిజన్ పంపుచున్నపుడు మాత్రము దాని ప్రభావము ప్రత్యక్షమగును. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ప్రారంభమైనపుడు ఐపీటీవీ సెట్‌టాప్ బాక్సు మన గ్రామములకును చేరినది గనుక, ఈ విషయము మనకు దూరమైనది కాదు. అట్టి మల్టీకాస్టు ప్రసారములలో విచిత్రమైన జబ్బొకటి కలదు: బొమ్మ చక్కగా మొదలై, నాలుగు నిమిషములు దాటగానే గడ్డకట్టును. ఎవరైనను ఇంకను వినుచున్నారా యని రౌటరు సామాన్యముగా 125 సెకండ్లకొకమారు అడుగును. ఆ ప్రశ్నగాని జవాబుగాని ఫైర్‌వాల్‌లో చిక్కుకొన్నచో, 260 సెకండ్లు వేచి, చందా ముగిసినదని తలచి ప్రసారమును కోసివేయును.

ఇక ఇంటిలోపలి మల్టీకాస్టు కథ వేరు. 2002 ఆగస్టులో ఆపిల్ సంస్థ మాక్ ఓఎస్ టెన్ 10.2తో పాటు, స్టూవర్ట్ చెషైర్ కృషిఫలమైన రాందెవూ అను సదుపాయమును వెలువరించెను. తరువాత బాంజూర్ అని పేరు మార్చుకొన్న ఆ పద్ధతిలో ప్రింటరు తన ఉనికిని 224.0.0.251 అను చిరునామాకు చాటును. 224.0.0తో మొదలగు చిరునామాలను ఏ రౌటరును ఆవలికి పంపరాదు. కావున బయటిద్వారపు వడపోతకు ప్రింటరు కనబడకపోవుటతో సంబంధము లేదు. దోషము తరచుగా అతిథి వైఫైలోని ఏకాంతనిబంధనలోనో, ఐజీఎంపీ స్నూపింగ్ అను స్విచ్చు పరిశీలనలోనో ఉండును. అట్లే 2014లో దుండగులు, మల్టీకాస్టుతో ఇంటి పరికరములను వెదకుటకు ఏర్పడిన 1900వ పోర్టులోని ఎస్‌ఎస్‌డీపీని ఆయుధముగా వాడినపుడు, బయటినుండి వచ్చినవి నేరుగా ఇంటి చిరునామాకు వ్రాసిన సాధారణప్యాకెట్లు. వానిని ఆపునది ఆ పోర్టును బయటితట్టున మూయుటయే గాని మల్టీకాస్టు గడి గాదు.

నూతన ఇంటర్నెట్ నియమావళియైన ఐపీవీ6 వచ్చిన పిదప మల్టీకాస్టునంతను నిషేధించుట అసాధ్యమైనది. అందు అందరికి చాటు బ్రాడ్‌కాస్టు లేనేలేదు. పొరుగుయంత్రమును వెదకుట, రౌటరు తన్ను తాను ప్రకటించుకొనుట మల్టీకాస్టుపైననే ఆధారపడియున్నవి. ఇందుకు తగినట్లే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అను రౌటరు ప్రోగ్రాము తన సహజనియమములలో, బయటితట్టునుండి ఐజీఎంపీని, దాని ఐపీవీ6 రూపమైన ఎమ్‌ఎల్‌డీని అనుమతించు వరుసలను వేర్వేరుగా వ్రాసియుంచినది.