ఓమ్ నియమం: ఎనిమిది రాగి తీగల చరిత్ర

అధ్యయన కేంద్రంలో ప్రయోగ తరగతులకు వెళ్ళినప్పుడు మీరు చేసే మొదటి ప్రయోగాల్లో ఓమ్ నియమాన్ని సరిచూడటం ఒకటి. బల్ల మీద ఒక ఎలిమినేటరు, రియోస్టాటు, అమ్మీటరు, వోల్ట్‌మీటరు, ఒక నిరోధ తీగ ఉంటాయి. ఐదారు రీడింగులు తీసి గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. అరగంట పని. వోల్టా 1800లో తన ఘటమాలను లోకానికి తెలిపాడు. ఈ సరళరేఖ మాత్రం 1826 దాకా ఎవరికీ సరిగ్గా దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలిస్తే, ఈ నియమం ఏం చెబుతోందో కూడా బాగా తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. మీ వోల్ట్‌మీటరు లోపల ఉన్నది శ్రేణిలో పెద్ద నిరోధం కలిపిన గాల్వనోమీటరే. దాని స్కేలు మీద వోల్టుల అంకెలు వేసింది ఓమ్ నియమాన్ని నమ్మే. అంటే మీరు ఓమ్ నియమాన్ని కొంతవరకు ఓమ్ నియమంతోనే సరిచూస్తున్నారు! ఓమ్‌కు అలాంటి సదుపాయం లేదు. వోల్టు, ఆంపియరు అన్న ప్రమాణాలే అప్పటికి లేవు.

అసలు చిక్కు పరికరాల కన్నా ముందు భావనలలో ఉంది. స్థిర విద్యుత్తు పాఠంలో మీరు విద్యుద్దర్శినిని చూశారు. ఘటపు రెండు కొనలను తీగతో కలపకుండా వదిలితే, సున్నితమైన విద్యుద్దర్శిని వాటి మధ్య 'ఉద్వేగం' ఉందని చూపుతుంది. తీగతో కలిపితే ఆ సూచన దాదాపు మాయమవుతుంది. అప్పుడు తీగ దగ్గర ఉంచిన అయస్కాంత సూచి కదులుతుంది. ఇది 1820లో ఆయిర్‌స్టెడ్ కనుగొన్న విషయం. అదే సంవత్సరం ఆంపియర్ ఉద్వేగం వేరు, ప్రవాహం వేరు అని స్పష్టంగా విడదీశాడు. ఇది గొప్ప అడుగు. కానీ వలయం మూయగానే ఉద్వేగం పోతుందని, లేదా లెక్కలోకి రానంత తగ్గుతుందని కూడా ఆయన భావించాడు. ఒకటి ఉన్నచోట రెండోది లేదనుకుంటే, ఆ రెండింటినీ కలిపే నియమం కోసం ఎవరు వెతుకుతారు?

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. సొంతంగా గణితం నేర్చుకుని కొడుకులకు నేర్పిన మనిషి. 1817 నుంచి ఓమ్ కొలోన్ నగరంలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించాడు. తీరిక వేళల్లో పాఠశాల పరికరాలతోనే ప్రయోగాలు చేసేవాడు.

1825లో అతను ప్రచురించిన మొదటి ఫలితం తప్పు. తీగ పొడవు పెరిగే కొద్దీ సూచి మీది బలం ఎంత తగ్గుతుందో కొలిచి, ఆ తగ్గుదల సంవర్గమాన సూత్రాన్ని అనుసరిస్తుందని రాశాడు. తప్పు కొలతలో కన్నా ఘటంలో ఎక్కువగా ఉంది. వోల్టా ఘటాన్ని వలయంలో కలపగానే రాగి పలక మీద హైడ్రోజన్ బుడగలు పేరుకుంటాయి. మీరు చదివిన ధ్రువణం ఇదే. వలయం మూసిన క్షణంలో ఉన్న బలం మరి కాసేపటికి ఉండదు. కొలిచే వస్తువుతో పాటు కొలబద్ద కూడా కుంచించుకుపోతుంటే ఏ సూత్రం నిలుస్తుంది? అదే సంవత్సరం ఇంగ్లండులో పీటర్ బార్లో కూడా తీగల మీద ప్రయోగాలు చేశాడు. ప్రవాహ ప్రభావం పొడవు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుందని తేల్చాడు. రెండు వందల అడుగుల తీగకే ఇంత నష్టం ఉంటే విద్యుత్ టెలిగ్రాఫు సాధ్యం కాదన్నాడు.

ఓమ్‌కు దారి చూపింది పత్రికా సంపాదకుడు పోగ్గెన్‌డార్ఫ్ ఇచ్చిన ఒక సలహా: ఘటం మానేసి ఉష్ణయుగ్మం వాడి చూడమని. సీబెక్ కొన్నేళ్ళ ముందే ఉష్ణయుగ్మాన్ని కనుగొన్నాడు. రెండు లోహాల సంధులను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద ఉంచితే ప్రవాహం పుడుతుంది. ఓమ్ బిస్మత్, రాగి తీసుకున్నాడు. ఒక సంధిని మరిగే నీటితో వేడిగా, రెండోదాన్ని మంచుతో చల్లగా ఉంచాడు. దాని విద్యుచ్ఛాలక బలం చాలా స్వల్పం, కానీ నిలకడైనది. నీరు మరుగుతున్నంతసేపు, మంచు కరుగుతున్నంతసేపు అది మారదు.

కొలవడానికి కూలుంబ్ పద్ధతిని ఎంచుకున్నాడు. విలోమ వర్గ నియమం కోసం కూలుంబ్ 1785లో వాడిన విమోటన త్రాసు మీకు గుర్తుండే ఉంటుంది. ఓమ్ ఒక అయస్కాంత సూచిని సన్నని బంగారు పట్టీతో వేలాడదీశాడు. ప్రవాహం వల్ల సూచి పక్కకు తిరిగితే, పై కొనను మెలితిప్పి దాన్ని మళ్ళీ మొదటి స్థానానికి తెచ్చేవాడు. ఎంత మెలి తిప్పాల్సి వచ్చిందో అదే రీడింగు. సూచి ప్రతిసారీ అదే చోటికి వస్తుంది కనుక మెలి నేరుగా ప్రవాహానికి అనుపాతంలో ఉంటుంది.

1826 జనవరిలో, ఒకే మందం గల ఎనిమిది రాగి తీగలను వలయంలో ఒకదాని తర్వాత ఒకటి చేర్చాడు. పొడవులు ఆనాటి అంగుళాల్లో 2, 4, 6, 10, 18, 34, 66, 130. ఒక వరుసలో వచ్చిన రీడింగులు ఇవి: 326¾, 300¾, 277¾, 238¼, 190¾, 134½, 83¼, 48½. ఈ అంకెలన్నీ ఒకే సూత్రంలో ఒదిగాయి: రీడింగు = 7285 ÷ (20¼ + తీగ పొడవు).

ఇక్కడ కొంచెం ఆగండి. మొదటి తీగ కన్నా చివరి తీగ 65 రెట్లు పొడవు. ప్రవాహం మాత్రం ఏడో వంతుకే తగ్గింది. కారణం ఆ 20¼. వలయంలో తీగ కాక మిగిలిన భాగమంతా 20¼ అంగుళాల తీగతో సమానంగా అడ్డుపడుతోంది. మనం అంతర్నిరోధం అంటున్నది ఇందులోదే. తర్వాత ఓమ్ వేడి సంధి ఉష్ణోగ్రతను మార్చి చూశాడు. పై అంకె మారింది, 20¼ మారలేదు. అలా విద్యుచ్ఛాలక బలం, నిరోధం అనే రెండు రాశులు మొదటిసారి ఒకదాని నుంచి ఒకటి విడివడ్డాయి.

బార్లో సందేహానికీ ఇందులోనే జవాబు ఉంది. 1 వోల్టు, 1 ఓమ్ అంతర్నిరోధం గల ఘటం ఒకటి తీసుకోండి. నిరోధం లేని మందపాటి తీగతో కలిపితే 1 ఆంపియరు వస్తుంది. అలాంటివి నూరు శ్రేణిలో పెట్టినా వచ్చేది 1 ఆంపియరే. అదే బయట 99 ఓమ్‌ల పొడవాటి తీగ ఉంటే? ఒక్క ఘటంతో 0.01 ఆంపియరు, నూటితో సుమారు 0.5 ఆంపియరు. టెలిగ్రాఫుకు కావలసింది పొట్టి తీగ కాదు, శ్రేణిలో చాలా ఘటాలు. ఇంగ్లండులో టెలిగ్రాఫు నిర్మించిన వీట్‌స్టన్ తర్వాత ఓమ్ సిద్ధాంతానికి గట్టి ప్రచారకుడయ్యాడు.

1827లో ఓమ్ తన సిద్ధాంతాన్ని గణితపరంగా వివరిస్తూ పుస్తకం తెచ్చాడు. లోహపు కడ్డీ పొడవునా ఉష్ణోగ్రత క్రమంగా తగ్గినట్లే, మూసిన వలయంలోనూ ఉద్వేగం తీగ పొడవునా క్రమంగా తగ్గుతుందన్నాడు. పుస్తకాన్ని తీవ్రంగా విమర్శించినవారున్నారు. ఆశించిన విశ్వవిద్యాలయ పదవి రాలేదు. కొలోన్ ఉద్యోగం వదులుకున్నాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్‌లో ఆచార్య పదవి 1852లో, చనిపోవడానికి రెండేళ్ళ ముందు, దక్కింది.

విమర్శలన్నీ అన్యాయమనలేం. ఓమ్ తన ఉద్వేగాన్ని తీగలోని విద్యుత్ సాంద్రతగా ఊహించుకున్నాడు. అది నిజమైతే ఆవేశం వాహకం లోపలంతా నిండి ఉండాలి. వాహకంపై ఆవేశం ఉపరితలం మీదే ఉంటుందని స్థిర విద్యుత్తు చెబుతుంది. నియమం సరైనది, దాని వెనుక ఊహించిన చిత్రం కాదు. 1840ల చివర్లో కోల్‌రాష్ సున్నితమైన విద్యున్మాపకంతో ప్రవాహం ఉన్న వలయంలో కూడా ఉద్వేగాన్ని కొలిచి చూపాడు. 1849లో కిర్కాఫ్ ఆ రాశి సాంద్రత కాదని, స్థిర విద్యుత్తులో మనకు తెలిసిన పొటెన్షియలేనని నిరూపించాడు. మీ పుస్తకంలో వేర్వేరు భాగాలుగా కనిపించే స్థిర విద్యుత్తు, ప్రవాహ విద్యుత్తు అక్కడ కలుసుకున్నాయి.

పై ఎనిమిది రీడింగులను మీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక్కొక్కదాని విలోమాన్ని లెక్కించి తీగ పొడవుతో గ్రాఫు గీయండి. సరళరేఖ వస్తుంది. దాన్ని ఎడమ వైపు పొడిగిస్తే పొడవు అక్షాన్ని −20 దగ్గర తాకుతుంది. తర్వాత సూత్రంతో ఒక్కో రీడింగును లెక్కించి పోల్చండి. పది అంగుళాల తీగకు సుమారు 240.8 రావాలి. ఓమ్ ప్రచురించింది 238¼. ఎనిమిదింటిలో ఎక్కువ తేడా ఉన్నది దీనికే. అతను దాన్ని దిద్దలేదు.