సీమలో వినిపించే ప్రకటన

కడప, కర్నూలు పల్లెల్లో ప్రకటన మొదట దండోరాగా వినిపించింది. పన్ను గడువైనా, సంత సంగతైనా డప్పు కొట్టి చాటేవారు. తర్వాత మైకు కట్టిన బండ్లు కొత్త సినిమాల కబురు వీధివీధికీ తెచ్చాయి.

ప్రకటనకు మరో దారి రేడియో. 1952 తర్వాత ఆకాశవాణి సినిమా పాటలను బాగా తగ్గించడంతో శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. వారి వెంటే వ్యాపారుల ప్రకటనల సొమ్మూ అటే వెళ్లింది. దీనికి జవాబుగా 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతి మొదలైంది. 1967 నవంబరు 1న బొంబాయి, పూణే, నాగపూర్ కేంద్రాలతో అందులో వాణిజ్య ప్రకటనలు ఆరంభమయ్యాయి.

కడప ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. చదువు రాని రైతుకూ అర్థమయ్యే మాటలో విత్తనాలు, ఎరువుల సమాచారం ఇంటికే చేరింది. వినికిడి ప్రకటనకున్న అసలు బలం ఇదే: దానికి అక్షరజ్ఞానంతో పనిలేదు, చేతిలో పని ఆపక్కర్లేదు.

రేడియోలో ధర సెకన్లను, ప్రసార వేళను బట్టి ఉంటుంది. ఇంటర్నెట్‌లో పాటలు, పాడ్‌కాస్టుల మధ్య వచ్చే ప్రకటనకు సాధారణంగా వెయ్యిసార్లు వినిపించినందుకు ఇంత అని లెక్కకడతారు. అందులో ఒక వాటా వేదికకు, ఒక వాటా కార్యక్రమం చేసేవారికి ఆదాయమవుతుంది. సీమ యాసలో మంచి కార్యక్రమాలు చేసేవారికి ఈ దారి ఇప్పుడు తెరిచే ఉంది.