ఆంగ్ల వాదరచనలో పూర్వాంగీకారం: తెలుగు భాషావివాదాల సాక్ష్యం (1816–1914)

ఒక వాదాన్ని పరిశీలించేటప్పుడు హేతువులనూ దృష్టాంతాలనూ పరీక్షించడం మనకు అలవాటు. వాటికంటే ముందే వాది మనచేత ఏమి ఒప్పించుకున్నాడో గమనించడం అరుదు. తెలుగు భాషాచరిత్రను మలుపు తిప్పిన రెండు వాదాలలోని కీలక రచనలు ఆంగ్లంలో వెలువడ్డాయి. మొదటిది తెలుగు పుట్టుకను గురించి 1816లో మద్రాసులో జరిగిన వాదం. రెండవది ఉత్తరాంధ్రలో అంకురించి 1913–14 నాటికి మద్రాసు విశ్వవిద్యాలయం దాకా వెళ్లిన గ్రాంథిక వ్యావహారిక వివాదం. ఈ రెండింటిలోనూ సాక్ష్యం ఎంత ముఖ్యమో, ఋజువు చేయవలసిన భారం ఎవరిదన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. పూర్వాంగీకారాలను వాదులు వ్యక్తం చేసిన తీరే ఆ భారాన్ని నిర్ణయించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పరిభాష

నిరూపించకుండా అంగీకరించిన విషయాలను వర్గీకరించడం మన శాస్త్రాలకు కొత్త కాదు. న్యాయసూత్రాలు సిద్ధాంతాన్ని నాలుగు విధాలుగా విభజించాయి. ఏ శాస్త్రానికీ విరుద్ధం కానిది సర్వతంత్ర సిద్ధాంతం. ఒక శాస్త్రంవారు మాత్రమే అంగీకరించేది ప్రతితంత్ర సిద్ధాంతం. ఏది సిద్ధిస్తే తక్కినవి దానివెంట సిద్ధిస్తాయో అది అధికరణ సిద్ధాంతం. విశేషాన్ని పరీక్షించడం కోసం, పరీక్షించని విషయాన్ని తాత్కాలికంగా ఒప్పుకోవడం అభ్యుపగమ సిద్ధాంతం.

ఆంగ్ల రచయితలు పూర్వాంగీకారాన్ని వ్యక్తం చేసే పద్ధతులను కూడా స్థూలంగా నాలుగుగా గుర్తించవచ్చు. 'సపోజ్' అని మొదలయ్యే వాక్యంలో ఊహ బాహాటంగా ఉంటుంది. పాఠకుడు దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. 'గ్రాంటెడ్' అనే మాటలో ప్రతివాది పక్షాన్ని తాత్కాలికంగా ఒప్పుకోవడం ఉంది. మన అభ్యుపగమానికి ఇది చాలా దగ్గర. కర్తను చెప్పకుండా 'సాధారణంగా అంగీకరించిన విషయం' అనే ధోరణిలో రాసేది మూడవది. దీనిలో ప్రతితంత్రం సర్వతంత్రంలా చెలామణి అవుతుంది. నాలుగవది వాక్యంగా కాక నామపదంగా వచ్చేది. 'తెలుగు క్షీణతకు కారణాలు' అని శీర్షిక పెట్టిన రచయిత క్షీణత ఉన్నదని ఎక్కడా వాదించడు. వాదించనవసరం లేకుండానే ఒప్పించుకుంటాడు.

'అజ్యూమ్', 'ప్రిజ్యూమ్' అనే క్రియల మధ్య భేదం కూడా గమనార్హం. రెండవదానికి న్యాయస్థానపు ఛాయ ఉన్నది. విరుద్ధంగా ఋజువయ్యే వరకూ నిలిచి ఉండే భావన అది. రిచర్డ్ వేట్లీ 1828లో ప్రచురించిన అలంకారశాస్త్ర గ్రంథంలో దీన్ని వాదనియమంగా చర్చించాడు. ఉన్న వ్యవస్థకు అనుకూలంగా ఒక పూర్వభావన ఉంటుంది; దాన్ని మార్చాలనే వానిదే ఋజుభారం. ఈ నియమం తెలుగు వివాదాలకు నేరుగా వర్తిస్తుంది.

2. ఎల్లిస్ వాదం: 1816

ఎ. డి. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణం 1816లో మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాల ముద్రణాలయం నుంచి వెలువడింది. దాని ఉపోద్ఘాతానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక దీర్ఘవివరణ చేర్చాడు. తెలుగు సంస్కృతజన్యమన్న భావన అప్పటికి బలంగా ఉన్నది. 1814లో శ్రీరాంపురంలో తెలుగు వ్యాకరణం ప్రచురించిన విలియం కేరీ వంటివారు దాన్నే నమ్మారు. తెలుగులో సంస్కృత పదాలు విస్తారంగా ఉండడం వల్ల ఆ భావనకు వేరే ఋజువు అవసరమని ఎవరికీ తోచలేదు.

ఎల్లిస్ చేసిన మొదటి పని ఆ భావనను నేపథ్యం నుంచి ముందుకు తెచ్చి, పరీక్షకు నిలబెట్టడం. జన్యజనక సంబంధం ఉంటే అది మొదట ధాతువులలో కనిపించాలి. అందుకే సంస్కృత ధాతువులనూ తెలుగు ధాతువులనూ అకారాదిగా పక్కపక్కన పెట్టి, అవి వేర్వేరని చూపాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పోల్చి వాటి సామ్యాన్ని చూపాడు. తరువాత పదాలను, ఆపైన వాక్యనిర్మాణాన్ని పరిశీలించాడు.

పదాల విషయంలో అతడు అనుసరించిన మార్గం మన ప్రస్తుతాంశానికి ముఖ్యం. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక పీఠికను ఎల్లిస్ సాక్ష్యంగా తీసుకున్నాడు. తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగం తెలుగు లాక్షణికులదే. సంస్కృతాన్ని మూలంగా గౌరవించే సంప్రదాయమే దేశ్యమనే వర్గాన్ని వేరుగా నిలిపింది. ప్రతిపక్షులు ప్రమాణంగా ఒప్పుకోవలసిన శాస్త్రం నుంచే తన హేతువును గ్రహించడం వల్ల ఋజుభారం అటువైపు మళ్లింది. ఇకపై సంస్కృతజన్యత్వం చెప్పేవారు దేశ్యాలకు సమాధానం చెప్పవలసి వచ్చింది. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువడింది ఆ తరువాత 40 సంవత్సరాలకు, 1856లో.

3. ఉత్తరాంధ్ర నుంచి మద్రాసుకు: 1913–14

రెండవ వివాదం ఒక ప్రశ్నతో మొదలైంది. 20వ శతాబ్ది తొలి దశకంలో విశాఖపట్నంలో పాఠశాలల పరీక్షాధికారిగా ఉన్న జె. ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పాఠ్యపుస్తకాల తెలుగుకూ ఇంత భేదం ఎందుకని అడిగాడు. విశాఖలోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలోని గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను ఉద్యమంగా మలిచారు. గురజాడ జన్మించిన ఎస్. రాయవరం యలమంచిలి సమీపంలో ఉంది. నేటి దువ్వాడ పరిసరాలు కూడా ఆనాటి విశాఖపట్నం జిల్లాలోనివే. అందువల్ల ఈ వివాదానికి ఈ ప్రాంతం నేపథ్యం మాత్రమే కాదు, జన్మస్థలం కూడా.

1913లో జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ, గిడుగు ఆధునికాంధ్రాన్ని సమర్థిస్తూ ఆంగ్లంలో రచనలు ప్రకటించారు. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. అసమ్మతి అనే పేరులోనే ఋజుభారం ఎవరిమీద పడిందో తెలుస్తుంది. గ్రాంథికవాదుల దృష్టిలో గ్రాంథికం అనాదిగా ఉన్నది, అన్ని ప్రాంతాలకూ ఉమ్మడిది; వ్యావహారికం కొత్తది, జిల్లాకొక తీరుగా ఉండేది. కనుక మార్పు కోరేవారే దాని అవసరాన్ని నిరూపించాలి. వేట్లీ నియమాన్ని పేరు చెప్పకుండానే ఇక్కడ ఆశ్రయించడం చూడవచ్చు.

వ్యావహారికవాదులు ఆ నియమాన్ని కాదనలేదు. 'ఉన్న వ్యవస్థ' ఏది అని అడిగారు. గురజాడ దృష్టిలో చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మార్గంలోని వచనం పద్యభాషాలక్షణాలను గద్యంపై మోపిన ఇటీవలి కల్పన. వాడుక భాషలో వచనరచన అంతకు ముందునుంచీ ఉన్నది. ఈ చరిత్రను అంగీకరిస్తే సనాతనమనుకున్నది నూతనమవుతుంది; నూతనమనుకున్నది సనాతనమవుతుంది. పూర్వభావన పక్షం మారుతుంది.

గిడుగు మార్గం ఇంకొకటి. అది శుద్ధమైన అభ్యుపగమం. బాలవ్యాకరణమే (1858) ప్రమాణమని కాసేపు ఒప్పుకుందాం. అప్పుడు దాని సమర్థకులైన పండితుల రచనలు ఆ నియమాలకు నిలుస్తాయా అని ఆయన పరీక్షించారు. నిలవలేదని ఉదాహరణలతో చూపారు. సమర్థకులకే అసాధ్యమైన నియమాన్ని బాలురపై ఎలా మోపగలమన్నది ఆ తర్కానికి ముగింపు.

4. పరిమితులు, పర్యవసానం

ఈ విశ్లేషణ వ్యావహారికవాదులకూ వర్తించాలి. వారి వాదానికి ఆధారం 'శిష్ట వ్యావహారికం' అనే నామపదం. శిష్టులెవరు? విద్యావంతులైన కొన్ని వర్గాల, అందునా ప్రధానంగా కోస్తా జిల్లాల వాడుక ఆ మాటలో ముందే ఇమిడి ఉన్నది. అది వాక్యంగా కాక విశేషణంగా ప్రవేశించినందువల్ల దానిని ప్రశ్నించడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఉక్కు కర్మాగారం వచ్చాక నానాప్రాంతాల తెలుగు కలిసి వినిపించే దువ్వాడలో నిలబడి చూస్తే ఆ ప్రశ్న ఇప్పటికీ తీరలేదని తెలుస్తుంది.

మన పరిశోధనావ్యాసాలలో 'భావించబడుతున్నది', 'అంగీకరించబడిన విషయమే' వంటి ప్రయోగాలు విస్తారంగా కనిపిస్తాయి. ఆంగ్లంలోని మూడవ పద్ధతికి ఇవి తెలుగు రూపాలు. ఎవరు భావించారో చెప్పని వాక్యానికి ఎవరూ సమాధానం చెప్పలేరు. తెలుగుకు 'అనుకుందాం', 'ఒప్పుకున్నా', 'అయితే' వంటి స్పష్టమైన సాధనాలున్నాయి. ఊహను ఊహగా, అంగీకారాన్ని అంగీకారంగా చెప్పడానికి అవి చాలు. పరుల భాషలో వాదించవలసివచ్చినప్పుడు గిడుగు, గురజాడలు పాటించిన ఈ స్పష్టతను, స్వభాషలో వాదించే మనం విడిచిపెట్టడానికి కారణం కనిపించదు.