స్వేచ్ఛా సాఫ్టువేరులో కొత్తవారికి మార్గదర్శనం

స్వేచ్ఛా సాఫ్టువేరు సముదాయంలో కొత్తగా చేరినవారిని ఆహ్వానించి, అనుభవజ్ఞులు పని నేర్పడాన్ని మార్గదర్శనం అంటారు. పాతవారు విరమించినపుడు ప్రాజెక్టును నిలిపేది కొత్తవారే.

పద్ధతులు

సులభమైన లోపాలను కొత్తవారి కొరకు గుర్తించి ఉంచుతారు. డెబియన్‌లో కొత్తవారు తయారుచేసిన ప్యాకేజీని ఒక డెవలపరు పరీక్షించి, తప్పులు తెలిపి, సరిదిద్దించిన పిమ్మట తన పూచీపై చేరుస్తారు. గూగుల్ 2005లో ప్రారంభించిన సమ్మర్ ఆఫ్ కోడ్ విద్యార్థులకు మార్గదర్శకులను సమకూర్చింది. 2022 నుండి ఇతర కొత్తవారికీ ప్రవేశం కల్పించారు.

తెలుగునాట

2005లో ప్రారంభమైన స్వేచ్ఛ ప్రాజెక్టు తెలుగు నిర్వహణ వ్యవస్థను రూపొందించింది. ఇంజనీరింగు కళాశాలలలోని గ్నూ/లినక్స్ వాడుకరుల సంఘాలలో సీనియర్లు జూనియర్లకు నేర్పుతారు. ప్రోగ్రామింగు రానివారు అనువాదంతో మొదలుపెట్టవచ్చు.

సమస్యలు

పంపిన మార్పుకు నెలల తరబడి సమాధానం రాకపోతే కొత్తవారు తప్పుకొనే ప్రమాదం ఉంది. తిరస్కరించినా కారణం తెలిపితే మరల ప్రయత్నించగలరు.